వార్డెనమ్మ మర్యాదలు

“అమ్మా, మా రైలు ఆలస్యం. మేమిద్దరం వచ్చేసరికి సాయంత్రమవుతుంది. అంతవరకు నువ్వేం చెయ్యకు, నవ్వుతూ కూర్చో చాలు. వాళ్ళు ఊఁ అంటేనే మా పెళ్ళి!” ఫోన్‌లో కూతురు బతిమాలింది.

కూర్చోవడమా? ఏళ్ళ తరబడి ఆడపిల్లల హాస్టల్‌ని గడగడలాడించిన వార్డెనమ్మా?

ఎదురుగా సోఫా అంచున కాబోయే వియ్యంకుడు, వియ్యపురాలు. వేరే దేశం మనుషులు. వాళ్ళ మాట ఈవిడకి రాదు, ఈవిడ మాట వాళ్ళకి రాదు. మర్యాదలో ఏ కాస్త లోటు జరిగినా పిల్ల పెళ్ళి గోవిందా! వార్డెనమ్మ కొంగు బిగించి వంటింట్లో దూరింది.

వియ్యపురాలు వెనకే వచ్చి ఏదో అంది.

“అయ్యో వదినగారూ, మీరెందుకు? పదండి, పదండి!” అని భుజాలు పట్టుకు నడిపించుకెళ్ళి ఆవిణ్ణి సోఫాలో కూలేసింది.

కాసేపటికి ఆవిడ మళ్ళీ గుమ్మంలో ప్రత్యక్షం. మళ్ళీ సోఫా. మూడోసారికి వార్డెనమ్మ ఏకంగా తలుపే వేసేసింది. ఎంత మొహమాటమో పాపం, ఒక చెయ్యి వెయ్యందే ముద్ద దిగదు కాబోలు!

కూర పొయ్యి మీద ఉండగానే డబ్బాలన్నీ దింపి, కడిగి, చిన్నా పెద్దా వరసలో సర్దేసింది. కర్టెన్లు ఊడదీసి నానబెట్టింది. వెలుతురు బాగుంటుందని సోఫాని కిటికీ దగ్గరికి తోసింది, వాళ్ళు కూర్చుని ఉండగానే.

“అన్నయ్యగారూ, ఇంకో గరిటె!”

ఆయన కంచానికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచే వడ్డించేసింది. ఆయన దీనంగా బల్ల కింద ఉన్న కుక్క వంక చూశాడు. కుక్కకీ అప్పటికే కడుపు పగిలేలా పెట్టింది. అయినా అది వార్డెనమ్మ మొహం చూడలేదు, ఆయన కాళ్ళ దగ్గరే పడుకుంది. విశ్వాసం లేని జంతువు!

చీకటి పడుతుంటే ఆయన లేచి, తడుముకోకుండా స్విచ్ వేశాడు. చురుకైన మనిషే అని మెచ్చుకుంది.

ఎట్టకేలకు పిల్లలిద్దరూ దిగారు. కూతురి దగ్గర మన మాట నేర్చుకున్న కుర్రాడు గనక ఇక వాడే దిక్కు. వియ్యపురాలు కొడుకు చెయ్యి పట్టుకుని ఆపకుండా మాట్లాడింది. మధ్యమధ్య వంటింటి వైపు వేలు చూపించింది.

కొంపదీసి కూరలో ఉప్పు ఎక్కువైందా? కూతురు కళ్ళు గట్టిగా మూసుకుంది.

“పెళ్ళి మావాళ్ళకి ఇష్టమే అత్తయ్యా,” అన్నాడు కుర్రాడు. “కాకపోతే అమ్మ ఒక్కటి అడుగుతోంది.”

“అడగమను బాబూ, ఏదైనా సరే!”

“ఇకనైనా తన వంటింట్లోకి తనని రానిస్తారా అని.”