మనిషి చేప

“గుడ్డ తియ్యకు! వెలుగు తగిలితే క్యాబేజీ పాడైపోతుంది,” అని కసిరింది రేజ్కా.

నేలమాళిగలో పులియబెట్టిన క్యాబేజీ బాల్టీ మీంచి చెయ్యి తీసేశాడు ఆమె మొగుడు యెర్నెయ్. గుహలో యాత్రికులకు దారి చూపే పని అతనిది. అక్కడే మనిషి చేప అనే గుడ్డి నీటిబల్లి ఉండే గాజుతొట్టి కడిగే పని ఆమెది.

“పొద్దున కాఫీలో ఉప్పు వేసుకున్నావు. కళ్ళు పోయాయంటే వినవు కదా!”

“డబ్బాలు మార్చింది నువ్వే కదే.”

“బాగుంది, నా మీదికే తోయి! ఏళ్ళ తరబడి ఆ చీకట్లో ఉండి నువ్వూ ఆ జంతువులాగే తయారయ్యావు. ఒళ్ళు పాలిపోయింది, మాటా లేదు, తిండీ లేదు. నాతో ఒక్క పూట ఎండలో కూర్చున్నావా?”

“వచ్చే ఏడు మానేస్తాలే.”

“పోయినేడూ ఇదే అన్నావు.”

ఆ మధ్యాహ్నం పై అధికారి హ్రిబార్ గుహలోకి దిగాడు. వెంట రాజధాని లుబ్లానా నుంచి వచ్చిన అతిథులు.

“మీ చూపు తగ్గిందని మీ ఇంటివాళ్ళే బాధపడ్డారు, యెర్నెయ్ గారూ. మనిషి చేప ఎక్కడుందో చూపించండి. కనబడకపోతే ఇక ఇంటికే.”

వెలుతురు ఆ జంతువుకు పడదని తొట్టి దగ్గర గుడ్డిదీపమే ఉంటుంది. యెర్నెయ్ గాజుకు ముక్కు ఆనించి మూలమూలా వెతికాడు.

“కనబడటం లేదండీ.”

“అయ్యో, అదుగో!” అంది ముత్యాలహారం ఆవిడ, చేతిలోని కరపత్రం బొమ్మ వంక ఒకసారి చూసి. “లేత గులాబీ ఒళ్ళు!”

“మెడ పక్కన ఎర్ర కుచ్చులు!” అన్నాడు ఆమె భర్త, తగ్గకుండా.

“ముందుకాళ్ళకి మూడేసి వేళ్ళు. కళ్ళు మాత్రం లేవు, పాపం,” అన్నాడు హ్రిబార్.

“నన్ను చూసి తోక ఊపింది!” అంది ముత్యాలహారం.

యెర్నెయ్ లాంతరు అప్పగించేశాడు.

ఇంటికొచ్చేసరికి పెరట్లో, ఎండలో, రెండు కుర్చీలు వేసి ఉన్నాయి.

“అందరూ చూశారే. నాకొక్కడికే కనబడలేదు. వెళ్ళొస్తానని దానికి చెప్పనైనా లేదు.”

“పెద్దవాళ్ళ కళ్ళు మంచివి మరి,” అంటూ రేజ్కా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. “కూర్చో.”

నేలమాళిగలో, బాల్టీ గుడ్డ కింద, క్యాబేజీ తోక ఊపింది.