నవ్విన షావుకారు

బొమ్మ మీది గుడ్డ తీసి, అశ్వత్థమ్మ మొహం చూడలేక కాళప్పాచారి గోడవైపు తిరిగాడు.

ఆ మైనంబొమ్మ ఆమె భర్తది. ధర్మవరంలో పట్టుచీరల షావుకారు, నిరుడు చనిపోయాడు. ముక్కు, మీసం, తలపాగా ఫొటోలో ఉన్నట్టే కుదిరాయి. పెదవుల మీద మాత్రం దేవుడి చిరునవ్వు.

హిందూపురంలో ఆచారి ఇంట మూడు తరాలుగా దేవుళ్లనే పోతపోశారు. సిమెంటు విగ్రహాలు వచ్చాక కొలిమి చల్లబడింది. మనిషి విగ్రహం ఒప్పుకోవడం ఇదే మొదలు. ఆమె వద్దంటే కొలిమి ఇక వెలగదు.

"షావుకారు నవ్వే మనిషి కాదని నాకూ తెలుసమ్మా. ఎన్నిసార్లు చెరిపినా చెయ్యి అదే చేస్తాండాది. ఇప్పుడైతే మైనం, దిద్దొచ్చు. కంచు పోసినాక మార్చేకి కాదు," అన్నాడు.

అశ్వత్థమ్మ బొమ్మ చుట్టూ తిరిగి, ఎదురుగా వచ్చి ఆ నవ్వును చూసింది.

"ఈయన మా ఆయన కాదు," అంది.

ఆచారి నిట్టూర్చి కత్తి అందుకున్నాడు.

"కత్తి ఆడ పెట్టప్పా! ఆయనతో కాపురం చేసింది చాలు. ఈయన్నే పోసెయ్. కొడుకులు అడిగితే, మీ నాయన పైకి పోయినాక మారినాడని నేను చెప్తాలే."