పదో మనిషి

ఆఫీసరు జీపు దిగడం చూసి మా కుట్టుషాపు యజమానురాలు గబగబా వెనక తలుపు తీసింది. "పోరా, ఆయన వెళ్ళాక పిలుస్తా."

"పోను," అన్నాను. కాలరు కుడుతున్న మిషను ఆపలేదు.

పదిమంది పనివాళ్ళుంటే షాపుకి కొత్త పన్ను పడుతుంది, అందరికీ ఆరోగ్య బీమా కట్టాలి. తొమ్మిదిమందైతే ఏదీ అక్కర్లేదు. ఈ రూలు ఏ మహానుభావుడు రాశాడో గానీ, రెండేళ్ళుగా ఆ పదోవాణ్ణి నేనే. తనిఖీ వచ్చినప్పుడల్లా మురిక్కాలవ పక్కన నిలబడేది నేనే. ఇప్పుడు నా భార్యకి తొమ్మిదో నెల. నాకు బీమా కార్డు కావాలి.

"నీకు దణ్ణం పెడతా. ఆ పన్ను పడితే వచ్చే నెల షాపుకి తాళమేరా!"

"పడనీ. నేను మాత్రం మనిషిని కానా?"

ఆఫీసరు లోపలికొచ్చి వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. "పది," అన్నాడు.

"తొమ్మిదే సార్. వాడు నా తమ్ముడు," అందామె.

ఇంటిమనుషులు లెక్కలోకి రారు. ఆఫీసరు నావైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు.

కాదనడానికే నోరు తెరిచాను. మిగతా తొమ్మిది మిషన్లూ ఆగిపోయాయి. అందరూ నా నోటివంకే చూస్తున్నారు.

"నిజమే సార్. మా అక్క," అన్నాను.

ఆయన నా భుజం తట్టి, కాగితం మీద తొమ్మిది అని వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "నీ బిడ్డకి ఇకనుంచి మేనత్తని నేనేరా," అంది.

ఆస్పత్రిలో కార్డు ఉందా అని అడుగుతారు. మేనత్త ఉందా అని ఎవడూ అడగడు.