దేవమ్మ తొక్కని నడుము

బస్సు దిగుతుంటే వీరేష్ కుడికాలి చెప్పు జారిపోయింది. అతనికి తెలియలేదు.

"ఏమప్పా, చెప్పు ఇడిసిపెట్టి పోతాండావే!" కండక్టర్ అరిచాడు.

భార్య హులిగెమ్మ వంగి, చెప్పు తీసి అతని కాలికి తొడిగింది.

వీరేష్ ఆదోని పత్తి యార్డులో హమాలీ. పది రోజుల కింద మూట ఎత్తుతుంటే నడుము పట్టేసింది. సోమవారానికి పనిలోకి రాకుంటే ముఠాలో అతని చోటు ఇంకొకరికి పోతుంది.

అందుకే ఎమ్మిగనూరుకు, దేవమ్మ దగ్గరికి వచ్చారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుంనొప్పి పోతుందని ఆ చుట్టుపక్కల నమ్మకం. దేవమ్మ అలా పుట్టిన మనిషి.

ఆమె వాకిట్లో ఏడెనిమిది మంది ఉన్నారు. ఒక్కొక్కరినీ బోర్లా పడుకోబెట్టి, గోడ పట్టుకుని, నడుముకు పాదం అలా ఆనించి తీసేస్తోంది.

"తొక్కేదా ముట్టేదా ఇది?" ఒక ముసలాయన లేస్తూ గొణిగాడు. "దీనికన్నా మా ఇంటి పిల్లి నయం. ఎక్కినట్టన్నా తెలుస్తాది."

అందరూ నవ్వారు. దేవమ్మ కూడా నవ్వింది.

వీరేష్ వంతు వచ్చింది. పేరు చెప్పి ముందుకు నడిచాడు. అతని నడక చూసి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పండుకోవద్దు. రెండు కాళ్లూ గుంజుతాండాయా?"

"ఊఁ."

"మడిమెల మీద నిలబడు, సూస్తా."

నిలబడబోయి తూలాడు. దేవమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"కూసునే తావు మొద్దుబారినాదా నాయనా? ఒంటికి పోయేది తెలుస్తాందా?"

వెనక ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నిన్నటి నుంచి అతనికి ఒంటికి సరిగా రావడం లేదు. ఆ సంగతి హులిగెమ్మకు కూడా చెప్పలేదు.

"అంతా బాగుంది. నువ్వు తొక్కు."

"నేను తొక్కను. ఇది ఆపరేసన్ నొప్పి. ఇంటికి పోవద్దు. ఈడనే ఆసుపత్రిలో ఫిజియోథెరపీ భారతమ్మ ఉంటాది. నా పేరు సెప్పు. ఇయ్యాల్నే కర్నూలు పంపుతాది."

"ఆదోని నుంచి వచ్చినామమ్మా," హులిగెమ్మ బతిమాలింది. "ఒక్కతూరి కాలు పెట్టు."

"పెట్టను తల్లీ. నీ కాళ్లు మొక్కుతా, తీస్కపో."

ఆమె నిజంగానే వంగింది.

వీరేష్‌కు ఒళ్లు మండింది.

"తొక్కేదానికి శాతగాదు గానీ, మొగోళ్ల ఒంటి సంగతులన్నీ కావాల ఈయమ్మకు!"

ఈసారి నవ్వులు గట్టిగా వినిపించాయి. దేవమ్మ నవ్వలేదు.

భార్యాభర్తలు ఆదోని బస్సెక్కారు. సాయంత్రానికి మద్దయ్య దొరికాడు. అతనూ ఎదురుకాళ్లతో పుట్టినవాడే. పూర్తి బరువు వేసి మూడుసార్లు తొక్కాడు. లోపల ఏదో కలుక్కుమంది.

"ఇదీ తొక్కేదంటే!" అన్నాడు వీరేష్, చెమట తుడుచుకుంటూ.

తెల్లారేసరికి నడుము కింద ఏమీ తెలియలేదు.

కర్నూలులో ఆపరేషన్ చేశారు. "అదే రోజు వచ్చుంటే..." అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు.

ఆదోనిలో బాడుగిల్లు ఖాళీ అయింది. నందవరంలో హులిగెమ్మ పుట్టింటికి చేరారు. మూడు నెలల తర్వాత ఆమె అతన్ని చక్రాల కుర్చీలో ఎమ్మిగనూరు ఆసుపత్రికి, ఫిజియోథెరపీ గదికి తోసుకొచ్చింది.

భారతి ముందు తెర లాగింది. తర్వాతే అడిగింది, దేవమ్మ అడిగిన ప్రశ్నలే.

ఈసారి వీరేష్ అన్నీ నిజమే చెప్పాడు.

ఆమె అతని పాదం మీద దూది రాసింది.

"తెలుస్తోందా?"

"లేదు మేడం. నడుస్తానా?"

"ముందు పడిపోకుండా కూర్చోవడం నేర్చుకుందాం," అంది భారతి. చీటీలో పేరు చూసి ఆగింది. "ఆదోని వీరేష్ మీరేనా? ఆ రోజు దేవమ్మ ఫోన్ చేసింది. మీరొస్తారని సాయంత్రం దాకా చూశాను."

వీరేష్ తల వంచుకున్నాడు.

"మీకన్నా ముందు తొమ్మిది మందిని పంపింది. అందరూ నడుస్తున్నారు."

"ఇవన్నీ ఆయమ్మకు ఎట్ల తెలుసు?" హులిగెమ్మ అడిగింది.

"పదకొండేళ్లుగా వాళ్లాయన్ని ఇక్కడికి తెస్తోంది. నేను అందర్నీ అడిగేవి వింటూ నేర్చుకుంది."

"మరి ఇంకా ఆ తొక్కేదెందుకు?"

"మానేస్తే మీరంతా ఇంకొకరి కాలి కిందికి పోతారని."

హులిగెమ్మ భర్త కాళ్ల వైపు చూసింది.

"వాళ్లాయనకు ఏమైనాది మేడం?"

భారతి వీరేష్ మోకాలిని మెల్లగా మడిచి, మళ్లీ చాపింది.

"ఆయనా మూటలు మోసేవాడే. నడుము పట్టిందంటే, బోర్లా పడుకోబెట్టి తొక్కింది దేవమ్మే."