ఊపిరి బొమ్మకు తడి తువ్వాలు

నేలలో పురుగు చావడానికి ఘాటు మందు పట్టించే ప్రతి పొగాకు నారుమడి పక్కనా ఇప్పుడు ఒక ఊపిరి బొమ్మ ఉండాల్సిందే. అది మనిషిలాగే గాలి పీల్చి, ఆ గాలితో క్యాన్సర్ ముప్పు ఎంతో తేలుస్తుంది. మడిని ఆనుకునే ఉన్న మాలకొండమ్మవ్వ ఇంటి వసారాలో ఆ బొమ్మ కొత్తల్లుడిలా కుర్చీలో కూర్చుంది.

సీజను చివర ముప్పు సున్నా అని వచ్చింది. ఇక మడిగట్టు మీదే కాపురాలు పెట్టుకోవచ్చని పై ఆఫీసు సంబరపడింది. పరీక్షాధికారి సుహాసిని మాత్రం నమ్మలేక, మరుసటి సీజనులో మందు పట్టించే రోజు చూసుకుని వచ్చింది.

బొమ్మ ముక్కుకు తడి తువ్వాలు చుట్టి ఉంది.

“ఇదేందవ్వా?”

“ఘాటుకి తట్టుకోలేడమ్మాయ్, ఇంటికొచ్చిన పిల్లోడు. మందు పెట్టినప్పుడల్లా కడతన్నా. మజ్జిగిస్తే మాత్రం తాగడు.”

సుహాసిని నవ్వాపుకుంటూ తువ్వాలు విప్పింది. బొమ్మ ఒక్కసారి గాలి పీల్చి, కళ్లెర్రజేసి కూత పెట్టింది.

“చూశావా! ముందు కట్టు, కట్టు!” అని అవ్వ గాబరాపడింది.

“మరి నువ్వు కట్టుకోలేదే?”

“నాకెందుకు? వాడంటే కొత్త. నేను పుట్టినకాణ్ణుంచీ ఈ గాలేగా పీలుస్తోంది!”