మంచం కింద పాచిక

మా మనవరాలు ఒక్కతే కూర్చుని ఆడే ఆట అది. పుస్తకంలో కథ చదువుతూ, పాచిక వేస్తూ తన వీరనారిని గుహ దాటించాలి. ఈసారి డ్రాగన్ ఎదురైంది. ఒకటి పడితే వీరనారి ప్రాణం పోతుంది.

పాచిక దొర్లి మంచం కిందకు పోయింది. నేనే వంగి చూశాను. ఒకటి.

"కింద పడితే చెల్లదు అమ్మమ్మా. మళ్లీ వేస్తాను."

"ఆ మాట ముందే అనుకోవాల్సింది. ఎవరూ చూడకపోయినా లెక్క లెక్కే."

"కాస్త చూసీచూడనట్టు ఊరుకోరాదూ?"

"ఊరుకోను."

అది నిట్టూర్చి పెన్సిలు తీసింది. "సరే, అయితే నువ్వు పోయావు."

"నేనా?"

"వీరనారికి నీ పేరే పెట్టాను. నీ అంత మొండిది ఇంకెవరు దొరుకుతారు?"

మోకాళ్లు పట్టుకుని మంచం కిందకు మరోసారి వంగాను.

"ఇక్కడ గచ్చు కాస్త వాలుగా ఉంది," అన్నాను. "మళ్లీ వెయ్యి."