మామగారి కునుకు

మామగారి మీద ఆ కోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన నిద్రపోరు.

నిద్ర సుఖమెరగదంటారు. ఆయన అసలు నిద్రనే ఎరగరు. రాత్రంతా ఇల్లు చుట్టి, వేసిన గడియలే మళ్ళీ వేస్తారు, కారని కుళాయిలు బిగిస్తారు. పరుపు మార్చారు, మాత్రలు మార్చారు, డాక్టర్ని మార్చారు. మారనిది ఆయనొక్కరే. జనమంతా తూలిపడే సన్మాన సభల్లో కూడా చివరి వక్త దాకా కళ్ళు విప్పార్చుకుని విని, ఇంటికొచ్చి ఆ ఉపన్యాసాలన్నీ కోడలికి అప్పజెబుతారు. అత్తగారు తెలివైనవారు. చెవుల్లో దూది పెట్టుకుంటారు.

ఈ మధ్య కోడలికీ జాగారమే అయింది. నాలుగేళ్ళ కూతురికి పడుకుంటే చాలు, గొంతులో పిల్లికూతలు.

ఆ పిల్లని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. ప్లేస్కూల్లో చేరాక పిడుగు కాస్తా తడిసిన అగ్గిపుల్ల అయింది. సాయంత్రానికి తల పట్టుకుని వస్తుంది. అన్నం ముందు కూర్చుని తూగుతుంది. ఆదివారం మాత్రం మళ్ళీ పిడుగే. డాక్టరు మందు రాసి, గాలాడని చోట ఉంచొద్దమ్మా అన్నాడు.

కోడలు వెళ్ళి తరగతి గది చూసింది. పైనుంచి వేలాడే కాగితపు మేఘాలు, గోడల నిండా పక్షులు. ఆకాశమంతా అక్కడే ఉంది, గాలి తప్ప. వీధి దుమ్ము రాకుండా కిటికీలు బిగించి, సందులకి టేపు అంటించారు. కొత్తగా పరిచిన రబ్బరు చాపల జిగురు కంపు. ఆ కంపు తెలియకుండా పైన గులాబీ వాసన స్ప్రే. ఏసీ చల్లగా నడుస్తోంది. గదినిండా పిల్లలు నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నారు.

"ఎంత హాయిగా పడుకున్నారో చూడమ్మా," అన్నారు ప్రిన్సిపాల్.

ఆ నిద్రే ఆ బడికి పేరు తెచ్చింది. మధ్యాహ్నం ఏడుపన్నది వినబడని బడి అని తల్లులు గొప్పగా చెప్పుకుంటారు.

ఆ గుమ్మం లోపల ఎవరైనా సరే ఆవిడని మేడమ్ అనాల్సిందే. కోడలూ అలాగే అంది.

"అది హాయి కాదు మేడమ్, మగత. ఏసీ కొత్త గాలి తేదు. నిన్నటి కూరని మళ్ళీ మళ్ళీ వేడిచేసినట్టు, పిల్లలు వదిలిన గాలినే చల్లార్చి పిల్లలకే వడ్డిస్తోంది. కిటికీలు తెరిపించండి."

ప్రిన్సిపాల్ ముఖం ఎర్రబడింది. "పిల్లల సంగతి నాకు నేర్పుతున్నావా? నీకని ఇక్కడ ప్రత్యేకం ఏమీ ఉండదు. నాకు అందరు తల్లులూ ఒకటే."

ఇంట్లోనూ కోడలి మాట చెల్లలేదు. మన పిల్లే ఆ బడి మానేస్తే నలుగురూ ఏమనుకుంటారని అత్తగారు తేల్చేశారు. భర్తని కదిలిస్తే, మీ మధ్యలోకి నన్ను లాగొద్దని టీవీ గొంతు పెంచాడు. ఓపిగ్గా విన్నది మామగారొక్కరే. ఆయనకి తీరికకేం తక్కువ?

మర్నాడు కోడలు కూతుర్ని గుమ్మం దాకా తెచ్చింది కాని, లోపలికి పంపలేదు. వరండాలో చాప పరిచి, పిల్లని కూర్చోబెట్టి, పక్కన తను కూర్చుంది. టీచర్లు బతిమాలారు. కదల్లేదు. మర్నాడూ అంతే. వచ్చేపోయే తల్లులు మొదట నవ్వారు. తర్వాత ఆగి అడిగారు. ఆ తర్వాత మా వాడికీ దగ్గు తగ్గడం లేదండీ అంటూ గొంతు తగ్గించి చెప్పారు. చాప మీద పిల్లలు పెరిగారు.

ప్రిన్సిపాల్ బయటికొచ్చారు. లోపలికి రానివాళ్ళకి ఆబ్సెంట్ వేయిస్తానన్నారు.

"వేయించండి మేడమ్. ఊపిరికి ప్రెజెంట్ పడితే నాకు చాలు."

తల్లుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అది ప్రిన్సిపాల్‌కి కారం రాసినట్టయింది. "అయితే ఎవరైనా పెద్దవాళ్ళని తెచ్చుకో. తలుపేసుకుని గంటసేపు ఆ గదిలో కూర్చోమను. ఏ తేడా కనబడినా కిటికీలు నా చేత్తో నేనే తెరుస్తాను. కనబడలేదా, చాప చుట్టేసి పిల్లని లోపలికి పంపి, మళ్ళీ ఈ మాటెత్తకూడదు."

"ఎవరినైనా తెచ్చుకోవచ్చా?"

"ఎవరినైనా."

కోడలు ఇంటికి ఫోన్ చేసింది.

మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఆయా లేచి నిలబడి మరీ కుర్చీ వేసింది. ప్రిన్సిపాల్ పెదవి విరిచి, తలుపు దగ్గరగా వేయించారు. కోడలు కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. ఓడితే రేపట్నుంచి పిడుగు మళ్ళీ ఆ గదిలోకే.

లోపల పిల్లల గుసగుసలు సద్దుమణిగాయి. కాసేపు ఏసీ చప్పుడే వినబడింది. తర్వాత ఇంకో చప్పుడు మొదలైంది. ముందు సన్నగా. తర్వాత రంపంతో దుంగ కోస్తున్నట్టు.

తలుపు తీశారు.

మామగారు కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, గురక పెడుతున్నారు. కోడలు తట్టి పిలిస్తే పలకలేదు. భుజం పట్టి కుదిపితే సగం కళ్ళు తెరిచి, తల దిమ్ముగా ఉందమ్మా అన్నారు.

"పెద్దవారు కదా, మధ్యాహ్నం పూట కునుకు పట్టడం మామూలేగా," అని ఒక టీచరు సర్దబోయింది.

ప్రిన్సిపాల్ ఆ మాట వినిపించుకోలేదు. ఆయన్నే చూస్తూ గుమ్మంలో నిలబడిపోయారు. తర్వాత తిన్నగా కిటికీ దగ్గరికి నడిచి, టేపు పట్టుకుని పరపరా లాగేసి, రెక్కలు బార్లా తోశారు. కాగితపు మేఘాలు మొదటిసారి కదిలాయి.

"తప్పు నాదే," అన్నారావిడ అందరికీ వినబడేలా, "పెళ్ళయిన నాటి నుంచి నా పక్కన ఒక్క కునుకైనా తీయని మీ మామగారు ఇక్కడ గురక పెట్టారంటే, ఈ గదిలో ఉన్నది గాలి కాదమ్మాయ్."